హైదరాబాద్ నుంచి చెన్నైకి మారాక భాష, రాజకీయం, పిల్లల చదువు: ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

మీ ప్రశ్న ఇదీ: ఉద్యోగం హైదరాబాద్ నుంచి చెన్నైకి మారింది. మీరు ముందు వెళ్లారు, ఇంట్లోవాళ్లు వేసవి సెలవుల్లో వస్తారు. అమ్మాయి 7వ తరగతి పూర్తి చేస్తోంది. హిందీలో మాట్లాడితే ఆటోవాళ్లు ముఖం తిప్పుకుంటున్నారు, ఆఫీసులో రాజకీయాలు ఎత్తితే వాతావరణం చల్లబడిపోతోంది. పక్క రాష్ట్రమే కదా, ఇంత తేడా ఎందుకు, ఎలా సర్దుకోవాలి అని అడిగారు.

పక్క రాష్ట్రమే కదా అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. ఢిల్లీకో పుణేకో వెళ్లేవాళ్లు కొత్త ఊరని ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. చెన్నైకి మాత్రం ఇడ్లీ, సినిమా, తిరుపతి అన్నీ ఉమ్మడివే అన్న ధీమాతో వస్తారు. భోజనం, పండగలు దగ్గరగానే ఉంటాయి. రాజకీయం మాత్రం పునాది దగ్గరే వేరు.

ముందు హిందీ సంగతి. హైదరాబాద్‌లో తెలియనివాళ్లు ఎదురైతే నోటికి హిందీ వచ్చేస్తుంది, అక్కడ అది వీధి భాష. చెన్నైలో స్థానికుడితో హిందీలో మొదలుపెడితే, 'మా భాష మీకు అక్కర్లేదు' అన్నట్టు వినిపిస్తుంది. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1938లో రాజాజీ ప్రభుత్వం స్కూళ్లలో హిందీని తప్పనిసరి చేస్తే ఉద్యమం లేచింది. జైలుకెళ్లిన నటరాజన్, తాళముత్తు 1939లో చనిపోయారు. ఎగ్మోర్‌లో నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ ఆఫీసున్న భవనానికి ఆ ఇద్దరి పేర్లే పెట్టారు. 1965 జనవరి 26 నుంచి హిందీ ఒక్కటే కేంద్ర అధికార భాష అవుతుందన్నప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది, ప్రాణాలు పోయాయి. 1967లో కాంగ్రెస్ ఓడి డీఎంకే గద్దెనెక్కింది. ఆ తర్వాత కాంగ్రెస్ అక్కడ సొంతంగా అధికారంలోకి రాలేదు. 1968లో అన్నాదురై ప్రభుత్వం తమిళం, ఇంగ్లిష్ అనే రెండు భాషల విధానం తెచ్చింది. 2025లో సమగ్ర శిక్ష అనే స్కూలు విద్య పథకం నిధుల మీద కేంద్రంతో నడిచిన గొడవ కూడా దీని కొనసాగింపే. భాష కోసం పొట్టి శ్రీరాములు గారిని పోగొట్టుకున్నవాళ్లం, ఈ పట్టుదల మనకు అర్థం కావాలి.

అందుకని వరస మార్చుకోండి: ముందు వచ్చీరాని తమిళం, అది చాలకపోతే ఇంగ్లిష్, ఎదుటివాళ్లే హిందీ ఎత్తుకుంటే హిందీ. హోటళ్లలో, కట్టడాల దగ్గర బిహార్, ఒడిశా, అస్సాం నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లతో హిందీకి ఇబ్బంది లేదు. ఆటో ఎక్కేటప్పుడు "అణ్ణా, పనగల్ పార్క్ పోగణుం, ఎవ్వళవు?" అంటే చాలు. ఉచ్చారణ తప్పినా ఎవరూ నవ్వరు. మొదట నోటికి రావాల్సిన వాక్యం మరొకటి ఉంది: "తమిళ్ కొంజం కొంజం తెరియుం, మెదువా సొల్లుంగ." తమిళం కొద్దిగా వచ్చు, నిదానంగా చెప్పండి అని. ఇది అన్నాక చాలామంది తమంతట తామే తెలుగో ఇంగ్లిషో కలిపి మాట్లాడతారు.

మనవాళ్లు ఎక్కువగా జారేది మర్యాద దగ్గర. సినిమాలు చూసి నేర్చుకున్న తమిళంలో 'వా, పో, సొల్లు' ఉంటాయి. అవి మన 'రా, పో, చెప్పు'తో సమానం. వయసుతో, పనితో నిమిత్తం లేకుండా 'వాంగ, పోంగ, సొల్లుంగ' అనండి. పనిమనిషినీ, వాచ్‌మన్‌నీ కూడా అలాగే పిలవాలి. ఏకవచనం పడితే గొంతు పెంచకపోయినా గొడవ మొదలైపోతుంది.

చదవడం మనకు అనుకున్నంత కష్టం కాదు. 12 అచ్చులు, 18 హల్లులు, ఒక ఆయుధ అక్షరం. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు, అక్షరం కింద రాసే వత్తులు లేవు. తికమక పెట్టేది ఒక్కటే: క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకటి, ప, బ లకు ఒకటి. మాటలో ఎక్కడ వచ్చిందో దాన్నిబట్టి పలుకుతారు. వ్యాకరణ పుస్తకం కొనకండి, రోజూ ఎక్కే బస్సు బోర్డు, వీధి పేర్లు కూడబలుక్కోండి. రోజుకు 20 నిమిషాలు పెడితే రెండు నెలల్లో బోర్డులు చదివేస్తారు.

ఇక ఆఫీసులో రాజకీయం. హైదరాబాద్‌లో, విజయవాడలో మనం పార్టీ గురించి గట్టిగా వాదించుకుని తర్వాత కలిసి టీ తాగుతాం. చెన్నై ఆఫీసుల్లో రాజకీయ అభిప్రాయాలు బలంగానే ఉంటాయి, కొత్తవాళ్ల ముందు మాత్రం బయటపెట్టరు. మీకు ఎదురైన మౌనం అదే. మొదటి కొన్ని నెలలు వినండి, అడగండి, తీర్పులు చెప్పకండి. ముఖ్యంగా నీట్, రిజర్వేషన్, పెరియార్ అనే మూడు విషయాల్లో మన దగ్గర మామూలుగా అనేసే మాటలు అక్కడ గట్టిగా తగులుతాయి. రాష్ట్రంలో 69 శాతం రిజర్వేషన్లున్నాయి, వాటికి 1993 చట్టం ఆధారం, 1994లో దాన్ని రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్‌లో చేర్చారు. అక్కడివాళ్లకు ఇది నిన్నటి చర్చ కాదు. 1916లో బ్రాహ్మణేతరుల కోసం పుట్టిన జస్టిస్ పార్టీ నుంచి వస్తున్న వరస. ఆ పార్టీ పెద్దల్లో మనవాళ్లే ఉన్నారు: టీ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, పానగల్ రాజా కాళహస్తివాడు. ఈ చరిత్ర కొంత తెలిసి మాట్లాడితే మీ ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుంటారు, ఎత్తిపొడుపుగా తీసుకోరు.

నాయకుల పేర్లు ఉత్తి పేర్లుగా అనకపోవడం మంచిది. కరుణానిధిని కలైంజర్ అని, జయలలితను అమ్మ అని అనేవాళ్ల ముందు మనం వాడు, అది అంటే కుటుంబంలో మనిషిని అన్నట్టే. ప్రభుత్వ కార్యక్రమాల్లో, స్కూల్ సభల్లో ముందుగా తమిళ తల్లి వందన గీతం పాడతారు. 2021 డిసెంబర్‌లో దాన్ని రాష్ట్ర గీతంగా ప్రకటించారు. నిలబడలేనివాళ్లు తప్ప అందరూ లేచి నిలబడాలి, ఒక నిమిషం కూడా పట్టదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాళ్లే అందరికీ కనిపిస్తారు.

'మద్రాసు మాదే' అన్న సరదా మాట ఆఫీసులో వద్దు. 1952–53లో మద్రాసు కోసం రెండువైపులా ఉద్యమాలు నడిచాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఆ నగరం లేకుండానే వచ్చింది. మనకది జ్ఞాపకం, వాళ్లకది కాపాడుకున్న ఊరు. అలాగే 'అరవం', 'అరవవాళ్లు' అనే మాటలు మనింట్లో వాడుక మాటలైనా వాళ్లకు తిట్టులా తగులుతాయి. మనల్ని 'గొల్టి' అంటే మనకెలా ఉంటుందో అంతే. ఇంట్లో పిల్లల నోట కూడా రానివ్వకండి.

తమిళనాడులో పుట్టిపెరిగిన తెలుగువాళ్ల విషయం ఇంకా సున్నితం. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి అక్కడే ఉన్న నాయుళ్లు, రెడ్డియార్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు చదవలేకపోవచ్చు. తమను తాము తమిళులుగానే చూసుకుంటారు. కొన్ని తమిళ జాతీయవాద బృందాలు తెలుగు మూలాలున్నవాళ్లను 'వందేరి', అంటే వలస వచ్చినవాళ్లు అని నిందిస్తాయి. అందుకే నలుగురిలో 'మీరూ మనవాళ్లే కదా' అని పలకరిస్తే ఆ మనిషి ఇరుకున పడతాడు. వాళ్లంతట వాళ్లు తెలుగు ఎత్తుకునేదాకా ఆగండి.

కులం గురించి నేరుగా అడగడం, పేరు చివర కులం పెట్టుకోవడం అక్కడ బహిరంగ జీవితంలో చాలావరకు లేదు. కులం పోయిందని కాదు, పెళ్లి సంబంధాల్లో, అద్దె ఇళ్ల దగ్గర బాగానే కనిపిస్తుంది. ఇందులో కాగితాల చిక్కు ఒకటుంది. అక్కడ ఇనిషియల్ అంటే తండ్రి పేరు మొదటి అక్షరం, మనకేమో ఇంటిపేరు. స్కూల్ దరఖాస్తులో 'ఇనిషియల్‌తో పేరు' అన్నచోట వాళ్ల పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని గుమాస్తా రాసేస్తే, తర్వాత పదో తరగతి సర్టిఫికెట్‌కూ ఆధార్‌కూ పొంతన ఉండదు. జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే రాయమని చెప్పి, చేర్చిన రోజే అచ్చులో చూసి సరిచేయించుకోండి.

ఇప్పుడు అసలైన విషయం, అమ్మాయి చదువు. మీరు అడగకపోయినా అన్నింటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తమిళనాడులో ఇంజినీరింగ్‌కు ఎంసెట్ లాంటి పరీక్ష లేదు. 2006 చట్టంతో తీసేశారు. 12వ తరగతి మార్కులతోనే కౌన్సెలింగ్: లెక్కలకు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200కి కటాఫ్. వేరే రాష్ట్రం వాళ్లు ఆ కౌన్సెలింగ్‌లో పాల్గొనాలంటే 8 నుంచి 12 దాకా అయిదేళ్లూ తమిళనాడులోనే చదివి ఉండాలి. అప్పుడు నేటివిటీ సర్టిఫికెట్ అక్కర్లేదు, సీటు మాత్రం ఓపెన్ కేటగిరీలోనే. తెలంగాణలో స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడ చదవాలి, అంటే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా.

ఈ రెండు నియమాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మాయి ఈ జూన్‌లో 8వ తరగతికి చెన్నైలో చేరితే అయిదేళ్లూ నిండుతాయి. 'ఒక ఏడాది హైదరాబాద్‌లోనే ఉండనిచ్చి 9కి తీసుకెళ్దాం' అనుకుంటే రెండు రాష్ట్రాల్లోనూ స్థానికత జారిపోతుంది. మకాం తేదీని ఆఫీసు వెసులుబాటు చూసి కాదు, దీన్నిబట్టి పెట్టుకోండి. ఎన్‌ఐటీలకు లెక్క వేరు: 12వ తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. అంటే ఆమెకు వరంగల్ బదులు తిరుచ్చి సొంత కోటా అవుతుంది. మెడిసిన్ నియమాలు మరోరకం, ఆ ఏటి ప్రాస్పెక్టస్ చూడందే దేనికీ కట్టుబడకండి.

రిజర్వేషన్ ఉన్న కుటుంబమైతే ఇంకో మాట. తెలంగాణ కుల ధ్రువపత్రం తమిళనాడు ప్రభుత్వ కోటాలో చెల్లదు. తెనాలి నుంచి ముంబయికి మారిన ఒక విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు 1990లోనే ఈ సంగతి తేల్చింది. కేంద్ర సంస్థల్లో హక్కు అలాగే ఉంటుంది, అసలు పత్రం సొంత రాష్ట్రం నుంచే తెచ్చుకోవాలి. బయల్దేరేముందే కొత్త కాపీలు తీసి పెట్టుకోండి.

తమిళ సబ్జెక్టు: 2006లోనే వచ్చిన మరో చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం నేర్పాలి. 2015–16 నుంచి సీబీఎస్‌ఈ స్కూళ్లకూ దశలవారీగా దీన్ని వర్తింపజేశారు. 8లో చేరే పిల్లకు ఇది భారమే. స్కూల్ ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా మూడు అడగండి: తమిళంలో పరీక్ష ఉంటుందా, ఉత్త పాఠమేనా? 9, 10లో రెండో భాషగా ఏమేం ఉన్నాయి, తెలుగు ఉందా? వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు మినహాయింపు ఉంటే దరఖాస్తు ఎవరికి, ఎప్పటిలోగా పెట్టాలి? 'చూద్దాం లెండి' అనే జవాబును నమ్మి చేర్చకండి. మినహాయింపు దొరికినా సరే, మాట్లాడే తమిళం నేర్పించండి. తరగతిలో పిల్ల ఒంటరిగా మిగలకుండా చూసేది అదే.

ఇంటి విషయానికి వస్తే, మైలాపూర్, వెస్ట్ మాంబళం, నంగనల్లూరు వైపు శాకాహారులకే అనే ఇళ్లు చాలా ఉంటాయి. ఫోన్‌లోనే అడిగేయండి. వేళచ్చేరి, పోరూరు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఆ పట్టింపు తక్కువ. ఆడి నెలలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, మార్గళిలో, అంటే డిసెంబర్ మధ్య నుంచి పొంగల్ దాకా, చాలామంది కొత్త ఇంట్లోకి దిగరు, దిగనివ్వరు. మన ఆషాఢం చాంద్రమానం, వాళ్ల ఆడి సౌరమానం, తేదీలు కలవవు. జూన్‌లోనే దిగిపోవడం మేలు. అడ్వాన్సు వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దె మించకూడదని 2017 అద్దె చట్టం చెబుతుంది. బేరం అక్కడ మొదలుపెట్టండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోస్తారు, అది ఒప్పందంలో ముందే రాయించండి.

బియ్యం కొట్లో ఊరికే బియ్యం అంటే ఉప్పుడు బియ్యం ఇచ్చే అవకాశం ఎక్కువ. 'పచ్చరిసి' అని అడగండి. గోంగూరను 'పుళిచ్చ కీరై' అంటారు. దీపావళి మనలా సాయంత్రం కాదు, నరక చతుర్దశి నాటి తెల్లవారుజామున తలంటుతో మొదలవుతుంది, మధ్యాహ్నానికి సగం పండగ అయిపోతుంది. ఇరుగుపొరుగు స్వీట్లు తెచ్చేది ఆ పొద్దుటే, తలుపు తీసి ఉంచండి. ఉగాదికి తెలుగు సంవత్సరాది పేరుతో ప్రభుత్వ సెలవుంది, ప్రైవేటు కంపెనీలో మాత్రం అడిగి చూసుకోవాలి. దసరాకు, బతుకమ్మకు మన స్కూళ్లలో ఇచ్చినన్ని రోజులు ఇవ్వరు. ఊరికి టికెట్లు తీసేముందు స్కూల్ క్యాలెండర్ చూడండి.

రెండు మూడేళ్లకు మించి ఉండేట్టయితే ఓటు కూడా మార్చుకోండి. ఫారం 6 కాదు, చిరునామా మార్పుకు ఫారం 8. రెండుచోట్ల పేరుంచుకోవడం చట్టవిరుద్ధం. చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులున్నాయి. వీధి దీపం వెలగకపోతే ముందు 1913కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి, కదలిక లేకపోతే ఆ నంబర్‌తో కౌన్సిలర్ ఆఫీసుకు వెళ్లండి. బండి ఏడాదికి మించి అక్కడే నడిపితే రిజిస్ట్రేషన్ మార్చాలి. దానికి కావాల్సిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), అంటే ఫారం 28, హైదరాబాద్ ఆర్టీఓ నుంచే తేవాలి. లోన్ ఉంటే బ్యాంకు అనుమతి పత్రం కూడా పడుతుంది కాబట్టి కుటుంబాన్ని తీసుకురావడానికి వెళ్లినప్పుడే ఆ పని ముగించుకోండి.