ఎర్ర పాచి పట్టిన ఉప్పునీటి ట్యాంకు గురించి

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

సముద్రపు చేపలూ పగడాలూ పెంచే నీ ట్యాంకు ఫొటోలు చూశాను. ఇసుక మీదా రాళ్ల నీడనా ముదురు ఎరుపు పొర పరుచుకుంది, దాని మీద సన్నటి గాలి బుడగలు నిలబడ్డాయి. గొట్టంతో లాగితే పొర పొరగా లేచి వస్తోందని, రాత్రికి పల్చబడి మధ్యాహ్నానికి మళ్లీ దట్టమవుతోందని రాశావు. అయితే అది నాచు కాదు, సయనోబాక్టీరియా. వెలుతురుతో తన తిండి తానే తయారు చేసుకునే బాక్టీరియా. భూమి మీద గాలిలోకి ఆక్సిజన్ చేరడం మొదలైంది వీటి వల్లే, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. ట్యాంకులో ఒక్కటి కూడా మిగలకుండా చేద్దామనుకోకు. కొద్దో గొప్పో ప్రతి ట్యాంకులోనూ ఉంటాయి. ఇప్పుడే ఇంతలా పరుచుకోవడానికి నీ ట్యాంకులో ఏం మారిందో అది కనుక్కుందాం.

మందు మాట ఎత్తే ముందు ఒక పరీక్ష చెయ్యి. కొంచెం పాచి తీసి ట్యాంకు నీళ్లతోనే ఒక సీసాలో వేసి గట్టిగా కుదుపు. కాఫీ వడపోసే కాగితంలో వడగట్టి, కిందికి దిగిన నీళ్లను గంటసేపు లైటు కింద పెట్టు. ఆ నీళ్లలో గోధుమరంగు తీగలు మళ్లీ అల్లుకుంటే అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఒంటికణపు జీవులు. వాటి దారి వేరు. మేత, చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో అవి ఎక్కువగా వస్తాయి, నత్తలు చచ్చిపోతాయి. అక్కడ నీళ్లు ఇంకా శుభ్రం చేస్తే ఇంకా ముదురుతుంది. కొత్త ట్యాంకులో పిండిలా రాలే గోధుమరంగు పొడి అయితే డయాటమ్‌లు అనే ఒంటికణపు నాచు, వాటంతట అవే పోతాయి. నీ ఫొటోల్లో ఉన్నది సయనో అనే నా నమ్మకం, అయినా పరీక్ష మానకు. ఒకదానికి చెయ్యాల్సిన వైద్యం రెండోదానికి చేస్తే ట్యాంకు నెలల తరబడి కోలుకోదు.

ఇక నీళ్ల సంగతి. చిత్తూరులో బోరు నీళ్లు ఎంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో నీకు తెలుసు. ఇక్కడ తిరుపతిలో కళ్యాణి డ్యామ్ నీళ్లొచ్చినా, తెలుగు గంగ నీళ్లొచ్చినా నేను కొళాయి నీళ్లు నేరుగా వాడను. నువ్వు 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు తెస్తున్నానన్నావు. క్యాన్ మీద ఏం రాసి ఉన్నా నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడు. తాగే నీళ్లకు రుచి కోసం కొన్ని ప్లాంట్లు ఖనిజాలు కలుపుతాయి. మనకు సున్నా కావాలి. ఆర్వో ఫిల్టరు తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపిన నీళ్లయితేనే ఉప్పు కలుపు. ఎండాకాలం ఆవిరైన నీళ్లకు బదులు పోసేది కూడా ఈ నీళ్లే, ఉప్పు నీళ్లు కాదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టు.

నీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది చక్కెర సంగతి. నైట్రేటు తగ్గించడానికి రోజూ కాస్త చక్కెర వెయ్యమని ఎవరో చెప్పారని వేస్తున్నావట. చక్కెర తిని పెరిగే బాక్టీరియా నీళ్లలోని నైట్రేటును, దాంతో పాటు కొంచెం ఫాస్ఫేటును వాడుకుంటుంది. నైట్రేటు ముందే అయిపోతుంది, ఫాస్ఫేటు మిగులుతుంది. సయనోల్లో కొన్ని రకాలు నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువును కూడా వాడుకోగలవు. పోటీకి వచ్చేవి ఆకలితో ఆగిపోతే సయనో ఒక్కటే పెరుగుతుంది. గాజు మీద తెల్లటి జిగురు, పాలు విరిగినట్టు మబ్బు పట్టిన నీళ్లు కనిపిస్తే చక్కెర ఎక్కువైందని అర్థం. అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మన మే నెల వేడికి నీళ్లలో ఆక్సిజన్ నిలవడమే తక్కువ, దానికి తోడు కరెంటు పోతే తెల్లారేసరికి ఒక్క చేపా మిగలదు. ఈరోజే చక్కెర ఆపు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని ట్యాంకు పక్కనే పెట్టుకో, ఇది వాయిదా వెయ్యకు.

నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం (అంటే లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు. సున్నా చూసి సంతోషపడొద్దు, పగడాలకూ తిండి కావాలి. ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటే దాన్ని పీల్చే మందు డబ్బా మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టు. ఒక్కసారిగా తగ్గితే పగడాలు తట్టుకోలేవు.

పాచి తీసే పని సాయంత్రం లైట్లు ఆరే ముందు చెయ్యి, అప్పుడు పొర దట్టంగా ఉండి చేతికి దొరుకుతుంది. గాలి గొట్టం అంత సన్నని గొట్టంతో లాగు. బ్రష్షుతో రుద్దావంటే తునకలు ట్యాంకంతా చెదిరి కొత్త చోట్ల పడతాయి. తర్వాత నీళ్లను కదిలించే పంపు, అదే వేవ్‌మేకరు, తిప్పి, పాచి పట్టిన చోటికి నీళ్లు తగిలేలా పెట్టు. నీ ఫొటోలో రెండు పంపులూ ఒకే గోడకున్నాయి, రాళ్ల వెనక నీళ్లు కదలడమే లేదు. ఫ్రీజర్ మేత నేరుగా వెయ్యకుండా కరిగించి, వడగట్టి, ఆ రసం పారబొయ్యి. లైట్లు 8 గంటలకు మించి వద్దు.

మెడికల్ షాపులో ఎరిత్రోమైసిన్ మాత్రలు తెచ్చి వెయ్యమనే వాళ్లు తగులుతారు. వద్దు నాయనా. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే మంచి బాక్టీరియాకు కూడా దానివల్ల దెబ్బ తగలొచ్చు, పైగా ఆ నీళ్లు కాలువలోకి పోస్తే మందుకు లొంగని బాక్టీరియా బయట తయారవుతుంది. ఎర్ర పాచికని అమ్మే పొడి కూడా నెల రోజులు పైన చెప్పినవన్నీ చేశాక, అప్పటికీ లొంగకపోతేనే. వెయ్యాల్సి వస్తే ముందు పాచిని చేతనైనంత లాగేసి, గాలి పంపు పెట్టి, మందును పీల్చేసే ఫిల్టరు కార్బన్ తీసేసి వెయ్యి. చచ్చిన పాచి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తినేస్తుంది. మూడు రోజులు దుప్పటి కప్పి చీకటిలో ఉంచే పద్ధతికీ ఇదే జాగ్రత్త. పాచి తినే చేప అంటూ ఎవరైనా అంటగడితే కొనకు, దీన్ని ఇష్టంగా తినే చేపను నేను చూడలేదు.

రాళ్లు బాగోలేవని తూపిలిపాలెం వైపు సముద్రం నుంచి రాళ్లూ నీళ్లూ తెద్దామన్నావు. ఆ ఆలోచన మానుకో. తీరం దగ్గరి నీళ్లలో ఏం కలిసి ఉంటుందో మన చేతిలో లేదు. పైగా ఆ రాళ్లతో రాతి పగడాలు వచ్చాయంటే, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, తెచ్చుకోవడం నేరం.

ఈ వారం నైట్రేటు, ఫాస్ఫేటు, సాంద్రత, ఉష్ణోగ్రత రాసి పంపు. టెస్ట్ కిట్ మీది గడువు తేదీ చూసి మరీ చెయ్యి. పంపులు మార్చాక మళ్లీ ఒక ఫొటో, రాళ్ల వెనక కూడా.

నీ పెద్దమ్మ
తిరుపతి