హుసేన్ ఖాన్ పేరు మీ వ్యాసంలో లేదు

అమ్మా,

ఆశీస్సులు. బేగంపేటలోని పాత సైనిక ఆసుపత్రి చరిత్ర మీద మీరు రాసి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, చదివించే గుణం ఉంది. అయితే నేను వెంటనే ఈ ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. మూడవ పుటలో మీరు రాసిన ఒక వాక్యం నన్ను నిలవనివ్వలేదు: "ఒక రోగిపై దోమలు వదలబడ్డాయి, అనంతరం అవి కోసి పరిశీలించబడ్డాయి, మలేరియా రహస్యం కనుగొనబడింది."

ఒక్క వాక్యంలో మూడు 'బడు'లు! అన్నం వండబడిందని ఏ ఇంట్లోనూ అనరు. పిల్లవాడు బడికి పంపబడ్డాడని ఏ తల్లీ చెప్పదు. ఈ కర్మణి ప్రయోగం దస్త్రాల నుంచి పత్రికల్లోకి వచ్చింది, పత్రికల నుంచి మన చేతుల్లోకి వచ్చింది. నాకు దానితో ఉన్న తగాదా కేవలం వ్యాకరణానిది కాదు. పని చేసిన మనిషినీ, ఆ పనికి ఒళ్ళు అప్పగించిన మనిషినీ అది ఒకేసారి మాయం చేస్తుంది. ఆసుపత్రి చరిత్ర రాసేవారికి ఇంతకంటే పెద్ద పొరపాటు మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఆ రోగికి పేరుంది. హుసేన్ ఖాన్. అతని నెత్తుటిలో నెలవంక ఆకారపు మలేరియా క్రిములున్నాయి. 1897 ఆగస్టు 16న, లార్వాల నుంచి పెంచిన మచ్చల రెక్కల దోమలు అతన్ని కుట్టాయి. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ముట్టింది ఒక అణా. ఈ సంగతి ఏ మారుమూల రికార్డులోనో దాగి లేదు. ఆ దోమల చేత కుట్టించిన రోనాల్డ్ రాసే, అప్పట్లో 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యుడిగా ఉండి తరువాత మలేరియా పరిశోధనకు నోబెల్ బహుమతి అందుకున్నవాడే, ఆ పేరును రాసిపెట్టాడు. ఆ దొర దాచని పేరును మనవాళ్ళలో ఒకరైన మీరు "ఒక రోగి" అని చెరిపేశారు. నాకు బాధ కలిగింది అక్కడే.

రాస్ సూక్ష్మదర్శినిలో పగిలిన కంటి కటకం, చెమటకు తుప్పు పట్టిన దాని మరలు, కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో పంకా కూడా లాగించుకోకపోవడం, వీటికి మీరు ఒకటిన్నర పుట ఇచ్చారు. అవి నిజాలే, ఉండనివ్వండి. కానీ ఆగస్టు 20 ఉదయం రాస్ ఏడు గంటలకు ఆసుపత్రికి వచ్చి రోగులను చూశాక, తన మనుషులు కొత్త లార్వాలను తేలేదని విసుక్కున్నాడని కూడా ఆయనే రాసుకున్నాడు. ఆ మనుషులు ఏ నీటిగుంటల వెంట తిరిగారో ఒక్కసారైనా ఊహించారా? అంతకు రెండేళ్ళ ముందు, 1895లో, దోమలు చచ్చిన నీళ్ళు తాగితే జ్వరం వస్తుందేమో చూడాలని రాస్ ఆ నీళ్ళు తాగించింది లచ్మన్ అనే డోలీ మోసే బోయీ చేత. ఈ చరిత్రలో అతను తాగిన ఆ నీళ్ళకు, ఆ కంటి కటకానికి ఇచ్చినంత చోటైనా రావాలి.

'బడు' మనుషులనే కాదు, మనకు తెలియనిదాన్ని కూడా కప్పేస్తుంది. "మలేరియా దోమ వల్లే వస్తుందని ఇక్కడ నిరూపించబడింది" అన్నారు. ఎవరు, ఎప్పుడు నిరూపించారని మిమ్మల్ని మీరు అడిగి ఉంటే ఆ వాక్యం అక్కడే ఆగిపోయేది. ఆగస్టు 20 మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో రాస్ కోసిన 38వ దోమ పొట్టగోడలో, మలేరియా క్రిముల్లో ఉండేలాంటి నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన 39వ దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. పెరుగుతున్నాయంటే బతికున్నాయని అర్థం. బేగంపేటలో తేలింది అంతవరకే, ఆ సంగతే ఆ ఏడు డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దోమ కాటుతో జబ్బు ఒక జీవి నుంచి మరో జీవికి పాకుతుందని రాస్ చూపించింది 1898లో, కలకత్తాలో, అదీ పక్షుల మలేరియాలో. మనుషుల మలేరియా విషయంలో ఆ పని ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం చేసింది. ఇలా రాస్తే బేగంపేట గౌరవం తగ్గదు.

నేను మీ వయసులో ఉన్నప్పుడు ఇదే ఆసుపత్రి మీద నా మొదటి వ్యాసం రాశాను. రాస్ జ్ఞాపకాల గ్రంథాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, గ్రంథాలయం మూసేదాకా కూర్చుని వారాల తరబడి చదివాను. హుసేన్ ఖాన్ మీద రెండు పేరాలు రాశాను. సంపాదకుడు ఆ రెండూ కొట్టేసి, పాఠకులకు నోబెల్ బహుమతి చాలు, అణాల లెక్క ఎందుకన్నాడు. అచ్చులో "రోగిపై ప్రయోగం జరపబడింది" అని వచ్చింది. నేను రాయని ఆ వాక్యం కింద నా పేరుంది. ఆ సంచికను ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

ఇప్పటి పత్రికల వరస వేరు. పాత కట్టడం కనిపిస్తే చాలు, "ఈ గోడలు మాట్లాడతాయి" అని మొదలుపెట్టమంటారు. మీరూ అలాగే మొదలుపెట్టారు. ఆ గోడల మధ్య పడుకున్నవాళ్ళ నోరు మూసి గోడల చేత మాట్లాడించడం నాకు మింగుడు పడదు. ఆ పేరా తీసేయండి.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వేయవచ్చా అని అడిగారు. ఆ మాటలు తరువాత. ముందు ఆ మూడవ పుట తిరగరాయండి. మొదటి వాక్యానికి కర్తగా హుసేన్ ఖాన్‌ను పెట్టండి. అతను మంచం మీద కూర్చుని చేయి చాచాడా, దోమతెరలో పడుకున్నాడా అన్నది మీకు ఆధారం దొరికితేనే రాయండి. అణా సంగతి మాత్రం వదలకండి. తిరగరాసిన పుట చేరగానే మళ్ళీ ఉత్తరం రాస్తాను.

మీ శ్రేయోభిలాషి