జపాన్ వెళ్ళొచ్చాక ఇంట్లో ఏదీ నచ్చట్లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు మేడమ్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. మొన్న ఏప్రిల్‌లో ఫ్రెండ్స్‌తో జపాన్ వెళ్ళొచ్చాను, టోక్యో, క్యోటో, హిరోషిమా అన్నీ తిరిగాం. వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ ఏది చూసినా చిరాకే. హారన్లు, రోడ్డు మీద చెత్త, లిఫ్ట్‌లో స్పీకర్ ఆన్ చేసి ఫోన్ మాట్లాడేవాళ్ళు, చెప్పిన టైంకి రాని చుట్టాలు. ఇంట్లో చెత్త ఏడు రకాలుగా విడదీయమన్నా, నా భార్య వినలేదు. ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరైన నాన్నగారు టీవీ సౌండ్ బాగా పెద్దగా పెడతారు. మొన్న చుట్టాల గృహప్రవేశంలో భోజనాలు లేటయ్యాయని గొడవపడ్డా, సర్దిచెప్పబోయిన నాన్నగారిని 'మీ తరం వల్లే దేశం ఇలా తగలడింది' అనేశాను నలుగురిలో. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడట్లేదు. నా భార్యేమో (ట్రిప్‌కి తను రాలేదు, నాన్నగారిని, బాబుని చూసుకోవాలి కదా) 'అంత నచ్చితే అక్కడే ఉండిపోవాల్సింది' అంటోంది. మంచి కోరుకోవడం కూడా తప్పేనా?

జవాబు: తప్పేం కాదండీ. మీరు రాసినవాటిలో చాలావరకు నిజమే, హారన్ల గురించైతే నేను మీ పార్టీనే. బయటి దేశం చూసొచ్చాక సొంత ఇల్లు కొన్నాళ్ళు పరాయిగా అనిపించడం మామూలు విషయం, దీన్ని రివర్స్ కల్చర్ షాక్ అంటారు, ఏళ్ళ తరబడి అమెరికాలో ఉండి తిరిగొచ్చినవాళ్ళకే కాదు చిన్న ట్రిప్ వేసినవాళ్ళకి కూడా కొంచెం వస్తుంది, మామూలుగా అయితే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మీకు తగ్గకపోగా ఇంట్లోవాళ్ళ మీదకి మళ్ళింది. అందుకే కాస్త గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకండి.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి, అక్కడ మీరు ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదా? టాయిలెట్ కోసం విడిగా పెట్టిన చెప్పులతోనే గదిలోకి వచ్చెయ్యడం, ట్రైన్‌లో ఫ్రెండ్స్‌తో గట్టిగా నవ్వడం, ఒళ్ళు కడుక్కోకుండా వేడినీళ్ళ తొట్టిలో దిగబోవడం, ఎస్కలేటర్ మీద రాంగ్ సైడ్ నిలబడటం (టోక్యోలో ఎడమ పక్క నిలబడతారు, ఒసాకాలో కుడి పక్క, కొత్తవాడు తికమక పడక ఏం చేస్తాడు), వీటిలో రెండు మూడైనా చెయ్యకుండా మనవాళ్ళు ఎవరూ తిరిగిరారు. మరి అప్పుడు ఎవరైనా మీ మీద అరిచారా, 'మీ ఇండియన్సే ఇంత' అని పదిమందిలో అన్నారా? మనసులో తిట్టుకున్నారేమో, అది వేరే సంగతి, బయటికైతే మహా అంటే చేత్తో సైగ చేసి ఇటు అని చూపించి ఉంటారు. అక్కడ మీకు నచ్చిన ఆ పద్ధతంతా నా వల్ల పక్కవాడికి ఇబ్బంది రాకూడదు అని ఎవరికి వాళ్ళు తమ మీద పెట్టుకున్న పద్ధతి. మీరు దాన్ని తీసుకొచ్చి ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టారు. గృహప్రవేశంలో భోజనాలు ఓ గంట లేటవడం కంటే మీ అరుపు వల్లే కదా ఆ ఇంటివాళ్ళకి ఎక్కువ ఇబ్బంది అయ్యింది.

ఇంక చెత్త సంగతి. ఏడు రకాలుగా విడదీయమన్నారు సరే, విడదీసేదెవరు? జపాన్ బళ్ళలో పిల్లలు రోజూ వాళ్ళ క్లాసురూం, వరండా వాళ్ళే ఊడ్చి తుడుచుకుంటారు, చాలా బళ్ళలో బాత్రూంలు కూడా, మధ్యాహ్నం భోజనం వంతులేసుకుని వాళ్ళే వడ్డించుకుంటారు, అంటే ఆరేడేళ్ళ వయసు నుంచే మన చెత్త మనదే అని అలవాటవుతుంది. మన దగ్గర ఇల్లు అద్దంలా పెట్టుకుంటాం, వాకిలి ఊడ్చి ముగ్గు పెడతాం, గేటు దాటితే మాత్రం అది వేరేవాళ్ళ పని, ఆ వేరేవాళ్ళు తరతరాలుగా ఏ కులాలవాళ్ళో మీకూ తెలుసు నాకూ తెలుసు. అందరూ సివిక్ సెన్స్ లేదు లేదు అంటారు గానీ శుభ్రం చెయ్యడం అనేదే తక్కువ పని అనుకోవడం అంతకంటే పెద్ద రోగం అని నా అభిప్రాయం. (వాళ్ళేం దేవుళ్ళు కాదు లెండి, పశువుల్ని కోసేవాళ్ళని, తోలు పనివాళ్ళని వెలివేసిన చరిత్ర జపాన్‌కీ ఉంది, ఆ వివక్ష ఇప్పటికీ పూర్తిగా పోలేదు.) మీ ఇంట్లో అయితే మీరు ఆర్డర్ వేశారు, చెయ్యాల్సింది మీ ఆవిడ. కోపం రాదా మరి?

పైగా ఏడు రకాలు దేనికండీ. జపాన్‌లో తోకుషిమా వైపు కొండల్లో కామికాట్సు అనే చిన్న ఊళ్ళో నలభైకి పైగా రకాలుగా విడదీస్తారు, అది కుదురుతోందంటే అన్ని రకాలూ తీసుకునే సెంటర్ ఆ ఊళ్ళోనే ఉంది కాబట్టి. మీరు రేపు పొద్దున్నే కిందకి దిగి మన చెత్త ఆటో ఎక్కినవన్నీ ఏమవుతున్నాయో చూడండి, ఆ ఆటో అబ్బాయితో రెండు నిమిషాలు మాట్లాడండి, అప్పుడు తెలుస్తుంది మీ ఇంట్లో ఎన్ని డబ్బాలు ఉండాలో. తడి, పొడి, డైపర్లు ప్యాడ్లు లాంటివి, పాత బ్యాటరీలు మందులు లాంటివి, వేటికవి విడిగా, అంతే చాలు. ఆ డబ్బాలు కడగడం, కిందకి దింపడం మీ డ్యూటీ, బాబుని కూడా పక్కన పెట్టుకోండి, లెక్చర్ ఇవ్వకుండా. కొన్నాళ్ళు అలా చేశాక అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మాట్లాడితే వింటారు, ఇప్పుడు మాట్లాడితే జపాన్ సార్ వచ్చాడ్రా అంటారు.

'మీ తరం' అన్నారు కదా, దాని గురించి కూడా చెప్పాలి. శుభ్రత జపాన్ వాళ్ళ రక్తంలోనే ఉంది అని తిరిగొచ్చిన ప్రతివాళ్ళూ అంటుంటారు. కానీ 1964 ఒలింపిక్స్ నాటికి టోక్యో నదులు కంపు కొట్టేవి, సిటీ చెత్తంతా తీసుకెళ్ళి కోటో వార్డు పక్కన సముద్రంలో పోస్తుంటే 1965లో ఈగల దండు ఆ వార్డు మీద పడింది, 1971లో టోక్యో గవర్నర్ మినోబె ఏకంగా చెత్త మీద యుద్ధం ప్రకటించాడు. మా పక్కన చెత్త కాల్చే ప్లాంటు వద్దంటే వద్దని టోక్యోలోనే ఉన్న సుగినామి వార్డువాళ్ళు, అయితే మీ చెత్త లారీలు మా వైపు రానివ్వం అని కోటోవాళ్ళు రోడ్డు మీద అడ్డం నిలబడ్డారు. మన హైదరాబాద్ శివార్లలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ గొడవ చూసినవాళ్ళకి ఇదేం కొత్తగా అనిపించదు. కోర్టులు, మీటింగులు అన్నీ అయ్యాక సుగినామిలో ప్లాంటు 1980ల్లో గానీ నడవలేదు. ఇవన్నీ మోసింది దాదాపు మీ నాన్నగారి వయసువాళ్ళు, అంతకంటే పెద్దవాళ్ళు. అక్కడి ముసలాళ్ళకి దణ్ణం పెట్టి ఇక్కడి ముసలాయన్ని తిడితే ఎలా?

ఇంకోటి, మీరు చూసింది టూరిస్టు జపాన్. అక్కడ మీరు అద్దె ఇల్లు వెతుక్కోలేదు, విదేశీయులకి ఇవ్వం అని మొహం మీదే చెప్పే ఓనర్లు తగలలేదు. పొద్దున రష్‌లో ట్రైన్లలో ఆడవాళ్ళకి విడిగా పెట్టెలు ఎందుకు పెట్టాల్సొచ్చిందో అక్కడి ఆడవాళ్ళని అడగండి, ఆ చక్కటి సైలెంట్ ట్రైన్లలోనే చేతులు వేసేవాళ్ళుంటారు. ఒంటరితనం ఎంత ముదిరిందంటే 2021లో దానికోసం ఒక మంత్రినే పెట్టారు, ఒంటరిగా చనిపోయి ఎన్నాళ్ళకో గానీ బయటపడని ముసలివాళ్ళ వార్తలు అక్కడ మామూలైపోయాయి. ఇది విని 'చూశావా మనమే గొప్ప, మనకి ఆప్యాయతలున్నాయి' అనేవాళ్ళుంటారు, నేను ఆ బాపతు కాదు. మీ నాన్నగారు నిండు ఇంట్లో ఉండి కొడుకుతో మాటల్లేకుండా కూర్చున్నారు, అది ఒంటరితనం కాక ఏంటి?

ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. 'ఆ రోజు నలుగురిలో అలా అనకూడదు నాన్నా, తప్పు నాది' అనండి, అక్కడ ఆపెయ్యండి, 'కానీ టైం అనేది' అని మళ్ళీ మొదలెట్టొద్దు. అన్నది పదిమందిలో కాబట్టి ఆ గృహప్రవేశం చుట్టాలకి కూడా ఫోన్ చేసి సారీ చెప్పండి, ఆ మాట ఆయన చెవిన పడుతుంది. టీవీ సౌండ్ విషయంలో నాకొక అనుమానం ఉంది, ఏళ్ళ తరబడి బస్సు ఇంజన్ పక్కన కూర్చున్న మనిషికి ఆ వయసులో వినికిడి తగ్గడానికి చాలా అవకాశం ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ (వినికిడి) టెస్ట్ చేయించండి. ఆయనది క్రమశిక్షణ లేకపోవడం కాదు, వినపడకపోవడం అయ్యుండొచ్చు. అన్నట్టు తెల్లారకముందే డిపోకి వెళ్ళి బండి టైంకి తీసిన మనిషికి టైం విలువ మీరు చెప్పాలా? డ్యూటీ రోజుల కబుర్లు ఎప్పుడైనా అడిగారా?

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీ ఆవిడ ట్రిప్ సంగతి బ్రాకెట్‌లో ఉంది. ఆవిడ ఇంట్లో ఉండి మీ నాన్నగారిని, పిల్లాడిని చూసుకుంది కాబట్టే మీరు క్యోటోలో పూలు చూడగలిగారు. తిరిగొచ్చి ఆవిడ నడిపిన ఇంటికే వంకలు పెట్టారు. 'అక్కడే ఉండిపోవాల్సింది' అన్నది జపాన్ మీద కోపంతో కాదండీ. ఆవిడకి థాంక్స్ చెప్పారా? మీరు లేనన్ని రోజులు ఇల్లు ఎలా నడిచింది అని కూర్చుని అడిగారా? అడగండి, మధ్యలో షింకన్‌సెన్ బుల్లెట్ ట్రైన్ కబుర్లు తేకుండా వినండి.

ఇంత చేసినా చిన్నచిన్న వాటికే కోపం ఆగకపోతే, నిద్ర సరిగ్గా పట్టకపోతే, అది ట్రిప్ వల్ల వచ్చింది కాకపోవచ్చు, ఆఫీస్ టెన్షన్ ఇంకేదైనా ఉండొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ.

వచ్చే ట్రిప్‌కి ఆవిడ రావాల్సిందే. మీ తోబుట్టువులెవరైనా ఉంటే నాన్నగారి దగ్గర ఉండమని ఇప్పుడే మాట్లాడి పెట్టండి, పిల్లాడి దసరా సెలవులు చూసుకోండి. అయితే టికెట్లు బుక్ చేసే ముందు ఆవిడకి ఎక్కడికి వెళ్లాలనుందో అడగండి, జపానే అంటుందని నేనైతే అనుకోను.