గాలం కర్రకి పన్నెండు వేలా?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట, ఇప్పుడు చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. చిన్నప్పుడు కాళంగి గట్టున నాన్నతో కలిసి గాలం వేసేవాణ్ణి, ఆయన కుందేళ్లకి ఉచ్చులు కూడా పెట్టేవారు. ఇప్పుడు మా అబ్బాయికి ఆ సరదా చూపించాలని ఉంది. పన్నెండు వేల రాడ్, రీల్ కొనకపోతే దండగంటున్నాడు ఆఫీసులో ఫ్రెండ్. నిజమేనా?

జవాబు: ముందు ఉచ్చుల సంగతి. వద్దండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలుని పట్టినా, కౌజుపిట్టని కొట్టినా నేరమే, జైలుకి కూడా పంపుతారు, మా నాన్న చేసేవారంటే ఎవరూ వినరు.

ఇక రాడ్ విషయం. మీ అబ్బాయికి మొదట పడేది అరచేతిలో పట్టే జిలేబీ చేప, అంటే తిలాపియా. సముద్రపు పెద్ద చేపల కోసం చేసిన గట్టి రాడ్‌కి అది తగిలినా కొస కూడా వంగదు, చేప లాగుతోందో గాలి వీస్తోందో తెలియదు. అదే సన్నటి వెదురు కర్రయితే చేప చేసే గింజులాటంతా చేతికి తెలుస్తుంది. కర్ర, నైలాన్ దారం, చిన్న కొక్కేలు, సీసం గుండు, బెండు, ఎరకి ఇంట్లో చపాతీ పిండి, ఇవన్నీ కలిపినా నలుగురూ మాల్‌లో సినిమా చూసినంత అవదు. నన్నడిగితే ఈ సరదా ఇన్నేళ్లయినా పాతబడకపోవడానికి కారణం ఇదే. పన్నెండు వేలు పెట్టినవాడు చేప పడకపోతే ఇంటికెళ్లేదాకా లెక్కలేసుకుంటాడు, పిల్లాడు రాడ్ పట్టుకుంటే విరుగుతుందేమోనని టెన్షన్. వెదురు కర్రని పిల్లాడి చేతికిచ్చి మీరు పక్కన కూర్చోవచ్చు, ఎర గుచ్చేదీ, బెండు మునిగితే లాగేదీ, పోగొట్టుకునేదీ వాడే.

తిలాపియా మన చేప కాదు, 1952లో తెచ్చి వదిలారు. ఏడాదిలో చాలాసార్లు గుడ్లు పెడుతుంది, తల్లి వాటిని నోట్లోనే దాచి పొదుగుతుంది కాబట్టి ఇప్పుడు లేని చెరువు లేదు. నాలుగు పట్టినా చెరువుకి లోటేమీ ఉండదు. కానీ చాలా చెరువుల్ని చేపలకి పాటకిచ్చేస్తారు, పాడుకున్నవాళ్లని అడక్కుండా గాలం వేస్తే గొడవే. పుళల్, చెంబరంబాక్కం లాంటి తాగునీటి చెరువుల జోలికి అసలు వెళ్లకండి.

చెన్నైకి దక్షిణాన సముద్రంలో కలిసే ఉప్పునీటి కయ్య ముట్టుకాడు వెళ్తే బోటు హౌస్‌కి దూరంగా, జాలర్ల వలలకి అడ్డం రాకుండా కూర్చోండి. కయ్య సముద్రంలో కలిసే ముఖం తెరిచి ఉన్నప్పుడు పోటు చూసుకుని వెళ్లాలి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అంటే పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి పోటు మీద చేపలు బాగా తగిలాయని ఈ ఆదివారం అదే టైముకి వెళ్తే నీళ్లు దాదాపు పూర్తిగా తీసి ఉంటాయి. చాలామంది ఎర మార్చి మార్చి విసిగిపోయేది ఇక్కడే! జెల్ల పడితే మాత్రం పిల్లాణ్ణి ముట్టుకోనివ్వకండి, రెక్కల ముల్లు గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకుని తెచ్చేయండి, కొంగల కాళ్లకి చుట్టుకుంటాయి.

ప్రశ్న: అడయారు నదిలో పట్టిన చేపలు తినొచ్చా? (సైదాపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. అందులో ఊరి మురుగంతా కలుస్తుంది. సరదాకి పట్టి వదిలేయండి, అంతే.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి చేపల వేట నిషేధం కదా, ఒడ్డున గాలం వేసినా పట్టుకుంటారా?

జవాబు: తూర్పు తీరంలో జూన్ 14 దాకా, 61 రోజులు ఉండే ఆ నిషేధం మరపడవలకి, ట్రాలర్లకి. గుడ్లు పెట్టే కాలంలో సముద్రం అడుగంతా వలలతో ఊడ్చేయకుండా ఆపడానికి పెట్టింది. ఒడ్డున కూర్చుని గాలం వేసే మీ జోలికి రాదు. చిన్న నాటు పడవలూ వెళ్తూనే ఉంటాయి, కాసిమేడులో వాళ్లు తెచ్చిన చేప దొరుకుతుంది, ధర మాత్రం మండిపోతుంది.