ఎనిమిది వేల పుస్తకాలు, సివిల్ చదివే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సివిల్ ఆఖరి సంవత్సరం. సాఫ్ట్‌వేర్ వద్దు, ఎం.ప్లాన్ (పట్టణ ప్రణాళికలో పీజీ) చేస్తానంటోంది. పట్టణాల్లోని వీధులు, బహిరంగ స్థలాల మీద ఒకటి, విపత్తులను తట్టుకునే నగరాల మీద ఒకటి, రెండు పుస్తకాలు కొనమంటోంది. కలిపి ఎనిమిది వేలు. ఉద్యోగానికి ఏది పనికొస్తుంది?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఏ పుస్తకమూ ఉద్యోగం ఇప్పించదండీ, అది మీకూ తెలుసు. సాఫ్ట్‌వేర్ వద్దన్న పిల్ల రేపు ఏమైపోతుందోనని మీ భయం. నాలుగేళ్లు ఫీజు కట్టేటప్పుడు అడగని లెక్క పుస్తకం దగ్గర అడిగితే ఆ పిల్ల మనసు ఏమవుతుంది? సివిల్ తర్వాత ఎం.ప్లాన్ దారి తప్పిన చదువేమీ కాదు. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లాంటి సంస్థలు, మున్సిపాలిటీలు, కన్సల్టెన్సీలు, అన్నిచోట్లా ప్లానింగ్ పని ఉంటుంది. ధైర్యంగా ఉండండి.

నా అనుమానమల్లా ‘రెసిలియెన్స్’ (విపత్తులను తట్టుకోవడం) అనే పేరు తగిలించుకున్న కొత్త కోర్సుల మీదే. విపత్తు నిర్వహణ ఒక్కటే చదివితే దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు నడిచే కాంట్రాక్టు పనులు. డ్రైనేజీ వాలు లెక్కగట్టడం, లేఅవుట్ చదవడం వచ్చినవాళ్లు విపత్తుల వైపు ఎప్పుడైనా వెళ్లగలరు. అటునుంచి ఇటు రావడమే కష్టం. ఆ పేరు చూసి అప్పుచేసి విదేశాలకు మాత్రం పంపకండి.

ఇక పుస్తకాలు. మొదటిది ఒకే రచయిత రాసిందైతే కొనండి, అది వరసగా చదవాల్సిన రకం. విపత్తుల మీద వచ్చేవాటిలో సంకలనాలు ఎక్కువ. ఒక వ్యాసం గట్టిగా ఉంటుంది, పక్కది పాత కాన్ఫరెన్సు పేపరు. విషయసూచికలో పనికొచ్చేవి మూడుకు మించకపోతే కొనొద్దు. 2015 మార్చికి ముందు అచ్చయిందైతే, విపత్తుల ముప్పు తగ్గించడానికి ఆ నెలలో దేశాలు కుదుర్చుకున్న సెందాయ్ ఒప్పందంలోని నాలుగు ప్రాధాన్యాలు, ఏడు లక్ష్యాలు అందులో ఉండవు. ఆ ఒప్పందం, పట్టణ వరదల మీద 2010లో ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాలు నెట్‌లో ఉచితం. ముందు అవి చదవమనండి.

చదివింది ఊరి మీద పెట్టి చూడాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకై ఊళ్లు ఖాళీ చేయించారు కదా. ఏదో ఒక చెరువు తీసుకుని, నీళ్లొచ్చే వంక ఏది, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) దాటాక ఎటు పోతాయి, ఆ దారిలో ఏం కట్టారు అన్నది మ్యాపు గీయమనండి. ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో దొరికే ఎత్తుల డేటాను క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సరిపోతుందనుకుంటారు పిల్లలు. అందులో ఒక్కో గడి 30 మీటర్లు, ఎత్తులో తేడా మీటర్లలో ఉంటుంది. చదునైన కాలనీలో వీధి కాలువ దానికి కనిపించదు. వాలు తప్పుగా వచ్చేది అక్కడే. టేపు, లెవెల్ పట్టుకుని నడవాల్సిందే, సివిల్ పిల్లకు అదేం కొత్త కాదు. ఆ మ్యాపు, దాంతోపాటు నాలుగు పేజీల వివరణ ఫైల్లో ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది.

రెండో పుస్తకం ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో ఉందేమో ముందు కనుక్కోమనండి. మొదటిదానికి పేపర్‌బ్యాక్ వచ్చిందేమో చూసి, ఈ వారమే తెప్పించండి.