200 మీటర్ల పరుగులో 0.01 సెకను తేడా నిజంగా తేడానేనా?

మీరు రెండు విషయాలు అడిగారు. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో, పురుషుల 200 మీటర్లలో మన దేశపు రన్నర్ అనిమేష్ కుజూర్‌కి 0.01 సెకనులో రజతం తప్పిపోయింది కదా, అంత చిన్న తేడాకి పతకం మార్చడం న్యాయమేనా అన్నది ఒకటి. పదిహేడేళ్ల మీ తమ్ముడు వైజాగ్‌లో అదే దూరం స్టాప్‌వాచ్ మీద 22.1లో పరిగెత్తుతున్నాడు, అతను వాళ్లకి ఎంత దగ్గర్లో ఉన్నాడన్నది రెండోది. కాలేజీ రోజుల్లో నేను ఈ ఊళ్లోనే 200 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఇప్పటికీ పొద్దుటిపూట పిల్లల ప్రాక్టీసుకి వెళ్తుంటాను కాబట్టి చెప్తున్నాను.

ఆ ఫైనల్లో జపాన్‌కి చెందిన టోవా ఉజావా 20.12తో గెలిచాడు. సౌదీ అరేబియా ఆటగాడు అబ్దులజీజ్ అతాఫీ 20.31, మన అనిమేష్ 20.32. ఆ రోజుకి అదే మన కొత్త జాతీయ రికార్డు కూడా. అంతకు నెల ముందే కొచ్చిలో జరిగిన జాతీయ స్థాయి ఫెడరేషన్ కప్‌లో అతనే 20.40 కొట్టాడు. దానికి ముందున్నది 2022లో అమ్లాన్ బొర్గొహైన్ చేసిన 20.52. అంటే మూడేళ్లలో మన రికార్డు 0.20 సెకను తగ్గింది. గుమిలో ఉజావాకీ అనిమేష్‌కీ మధ్య ఉన్నది కూడా సరిగ్గా 0.20 సెకనే! అందరూ ఆ 0.01 గురించే బాధపడుతున్నారు గానీ, నా దృష్టిలో అసలు మాట్లాడుకోవాల్సింది ఈ 0.20 గురించి: మూడేళ్లలో తగ్గించినంత ఇంకోసారి తగ్గిస్తేనే ఉజావాని అందుకుంటాం.

ముందు 0.01 సంగతి. ఆ వేగంలో 0.01 సెకను అంటే పది సెంటీమీటర్లకు అటూ ఇటూ, బెత్తెడు దూరం. కంటితో చూస్తే తేలదు, కెమెరాలో స్పష్టంగా తేలుతుంది. ఫినిష్ లైన్ దగ్గర లెక్కలోకి వచ్చేది తల కాదు, చెయ్యి కాదు, కాలు కాదు, మొండెం మాత్రమే. అందుకే చివర్లో ఛాతీ ముందుకు వంచుతారు. కెమెరాలో వెయ్యో వంతు వరకు చూసి, వందో వంతుకి పెంచి రాస్తారు. మేము పరిగెత్తిన మీట్లలో కెమెరాలు లేవు. ఒకసారి నేనూ ఇంకో అబ్బాయీ దాదాపు కలిసే గీత దాటాం. జడ్జీలలో ఒకరు నేను రెండోవాణ్ణన్నారు, ఇంకొకరు అతనన్నారు. చివరికి ఎవరి సార్ గట్టిగా మాట్లాడితే వాళ్లకిచ్చారు. అది చూసినవాడికి బెత్తెడు తేడాని ఫొటోలో చూపించి మరీ పతకం ఇవ్వడం అన్యాయంగా అనిపించదు. బాధ వేరు, అన్యాయం వేరు.

ఇక మీ తమ్ముడి 22.1. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేవాళ్లు తుపాకీ శబ్దం విన్నాక, అంటే కాస్త ఆలస్యంగా, నొక్కుతారు. అందుకే 100, 200 మీటర్లలో ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 కలపడం పద్ధతి. అలా చూస్తే అతనిది 22.34. అనిమేష్ 20.32లో గీత దాటేసరికి మీ తమ్ముడు ఇంకా 18 మీటర్ల వెనక ఉంటాడు. నిరుత్సాహపడమని చెప్పట్లేదు. పదిహేడేళ్లకి 22.1 మంచి టైమింగే. ఇంకా తగ్గించాల్సిన టైమ్‌లో చాలా భాగం కర్వ్‌లో, అంటే ట్రాక్ వంపులో, దొరుకుతుందని నా నమ్మకం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 400 మీటర్ల ట్రాక్‌లో 200 రేసు కర్వ్ మొదట్లో మొదలవుతుంది. మామూలు ట్రాక్‌లో కర్వ్ పొడవు దాదాపు 115 మీటర్లు, స్ట్రెయిట్ 85 లోపే. సగం కంటే ఎక్కువ వంపులోనే పరిగెత్తాలి. లోపలి లేన్లలో వంపు ఇంకా బిగుతుగా ఉంటుంది, ఎడమకాలి మీద భారం పడుతుంది. మా రోజుల్లో మట్టి గ్రౌండ్‌లో తాడు పట్టుకుని సున్నంతో గీసిన కర్వ్ ఏ రెండు మీట్లలోనూ ఒకేలా ఉండేది కాదు. సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి స్పైక్స్‌తో, అంటే అడుగున మేకులున్న బూట్లతో, పరిగెత్తినప్పుడు, స్ట్రెయిట్‌లోకి వచ్చేసరికే నా పక్కవాళ్లు రెండడుగులు ముందున్నారు. బలంలో వాళ్లు నాకంటే ఎక్కువేం కాదు, వాళ్లకి కర్వ్ నేర్పారంతే.

ఇక్కడ బీచ్ ఇసుకలో పరిగెత్తడం చాలామందికి అలవాటు. తొడలకీ పిక్కలకీ మంచిదే, కానీ కర్వ్ నేర్పదు. పైగా మన గ్రౌండ్లలో ఎక్కువమంది కానిస్టేబుల్ సెలెక్షన్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తుంటారు. ఆ గుంపులో 200 మీటర్ల కుర్రాడికి ప్రత్యేకంగా చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

మీ తమ్ముణ్ణి ఇవి చూసుకోమనండి. స్టార్టింగ్ బ్లాక్స్, అంటే మొదట్లో కాళ్లు ఆనించి తోసే దిమ్మలు, లేన్ బయటి అంచు వైపు పెట్టి, లోపలి గీత వైపు తిప్పాలి. అప్పుడు మొదటి కొన్ని అడుగులు తిన్నగా పడతాయి. వంపులో నడుము దగ్గర వంగకూడదు, చీలమండల నుంచి శరీరమంతా ఒకేసారి లోపలికి వాలాలి. కుడిచెయ్యి కాస్త ఎక్కువగా అడ్డంగా ఊగితే ఫర్వాలేదు. వారంలో ఒకటి రెండు రోజులు కర్వ్‌లోంచి స్ట్రెయిట్‌లోకి వచ్చే 60 మీటర్లు మాత్రమే ఫుల్ స్పీడ్‌లో చెయ్యమనండి, ఒకసారి ఒకటో లేన్‌లో, ఒకసారి ఏడో లేన్‌లో. మధ్యలో పూర్తిగా రెస్ట్ తీసుకోవాలి. మన ఉక్కపోతలో వరసగా చేస్తే తొడ కండరం పట్టేస్తుంది.

ఈ ఊరి నుంచి అవుతుందా అనే అనుమానం అస్సలు పెట్టుకోవద్దు. అదే గుమిలో మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.96తో ఛాంపియన్‌షిప్ రికార్డు కొట్టి స్వర్ణం గెలిచింది. 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఇవే పోటీల్లోనూ ఆ స్వర్ణం తనదే. ఇక్కడ స్కూల్లో మొదలుపెట్టి, హైదరాబాద్, ఆ తర్వాత భువనేశ్వర్ వెళ్లి ట్రైనింగ్ తీసుకుంది. ఊరు దాటి వెళ్లాల్సి వచ్చిందన్న మాట నిజమే, మీ ఇంట్లోవాళ్లు కూడా దానికి ఇప్పటినుంచే సిద్ధపడాలి.

ముందు ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న ఏదైనా మీట్‌లో అతని పేరు ఇవ్వండి. టైమింగ్‌తో పాటు ఏ లేన్‌లో పరిగెత్తాడో, కర్వ్ దాటేటప్పటికి ఎక్కడున్నాడో కూడా రాసి పెట్టండి. వీలైతే కర్వ్ చివర నిలబడి ఫోన్‌లో వీడియో తియ్యండి. అవి పెడితే ఇంకాస్త వివరంగా చెప్పగలను.