మగరాయుడి తల్లికి

అమ్మడూ,

పాపకి క్రాపు చేయించి, అడిగినట్టు ప్యాంటూ చొక్కా వేయనిస్తున్నావని మీ అత్తగారు మూతి ముడుచుకున్నారనీ, వీధిలో ఎవరో "ఒలమ్మో, ఇంత గుంటకి చున్నీ నేదేటి?" అన్నారనీ చెప్పావు. నీ కోపం వాళ్ల మీదో పాప మీదో నీకే తేలినట్టు లేదు. పక్కన మనుషులుంటే నువ్వు ఫోన్లో సరిగ్గా మాట్లాడవు, అందుకే రాస్తున్నాను. నేను హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయినదాన్ని. ఇలాంటి పిల్లలే రోజూ నా చుట్టూ ఉండేవాళ్లు.

వానాకాలంలో మన పొలాల వైపు చూడు. నాట్లేసే ఆడవాళ్లు చీర ఎగ్గట్టి, పైన మొగుడి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. ఉపాధి పనికెళ్లేవాళ్లూ అంతే. వాళ్లని ఎవరూ మగరాయుళ్లనరు. లేడీ కానిస్టేబుల్ ప్యాంటూ చొక్కా వేసుకుని బెల్టు పెట్టుకుంటే "గవర్నమెంటు ఉద్యోగం" అని మురిసిపోతాం. అంటే చొక్కాతో ఎవరికీ పేచీ లేదు. కూలి కోసమో జీతం కోసమో వేసుకుంటే సరే, ఆడపిల్ల తనకిష్టమై వేసుకుంటేనే తప్పు. మీ అత్తగారికి ఈ సంగతి తెలియక కాదు, ఆవిడా చొక్కా తొడిగి నాట్లేసిన మనిషే. ఒకసారి మెల్లగా గుర్తు చేసి చూడు.

ఈమధ్య నువ్వు అందరికీ కరణం మల్లీశ్వరి పేరు చెబుతున్నావట. నిజమే, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మన దేశపు మొదటి ఆడమనిషి ఆవిడే. ఇటు విజయనగరం వైపు కొండవెలగాడ ఆడపిల్లలూ బరువులెత్తుతున్నారు, ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం తెచ్చింది. చెప్పుకోవాల్సినవాళ్లే. కానీ పాపని వెనకేసుకురావడానికి ఈ పేర్లు వాడకు. రేపు పాప ఏ పతకమూ తేలేదనుకో, అప్పుడు నిక్కరు విప్పేసి ఓణీ కట్టుకోవాలా? ఆటల్లో అంతంతమాత్రంగా ఉన్న పిల్లకి కూడా జేబులున్న ప్యాంటు వేసుకునే హక్కుంది.

జేబులంటే గుర్తొచ్చింది. స్కూలు యూనిఫాం చుడీదారే వెయ్యాలంటే గొడవ పడకు, వేయించు. కుట్టించేది ఎలాగూ మనమే. టాపు కాస్త వదులుగా, రెండు పక్కలా లోతైన జేబులతో కుట్టమని టైలరుకి చెప్పు. "ఆడపిల్లకి జేబులెందుకమ్మా" అంటాడు, పట్టించుకోకు. రెండు జడలు వెయ్యమని స్కూల్లో అంటే నువ్వే వెళ్లి హెడ్‌మాస్టరుతో మాట్లాడు, పిల్ల చేత చెప్పించకు.

ఇప్పుడు అసలు సంగతి. పాప ఇష్టపడి వేసుకునే వదులు చొక్కా వేరు, దాక్కోవడానికి వేసుకునే వదులు చొక్కా వేరు. మే నెల ఎండలో కూడా మందపాటి చొక్కా విప్పకపోయినా, భుజాలు ముందుకి వంచి నడుస్తున్నా, ఆటకి వెళ్లడం మానేసినా అది సరదా కాదు. ఒంట్లో వచ్చే మార్పులకి సిగ్గుపడుతూ ఉండొచ్చు. అదే అయితే ఎవరో వెక్కిరించేదాకా ఆగకుండా మంచి స్పోర్ట్స్ బ్రాలు కొనిపెట్టు. కొట్లో మగవాళ్లుంటారని మొహమాటపడి అందాజా సైజు తెచ్చెయ్యకు, కొలత చూసి తీసుకో. అదే కొట్లో ముదురు రంగు ట్రాక్ ప్యాంట్లు కూడా తీసుకో. నెలసరి రోజుల్లో పాప ఆటకి ధైర్యంగా వెళ్తుంది.

ఆ దాక్కోవడం ఉన్నట్టుండి మొదలైతే మాత్రం అడగాలి. ఆటోలోనో, ట్యూషన్లోనో, బంధువుల ఇంట్లోనో ఎవరైనా చెయ్యి వేశారేమో. "నీ బట్టల వల్లే" అన్న మాట నీ నోట ఒక్కసారి వచ్చినా పాప ఇంకెప్పుడూ నీకేమీ చెప్పదు. అలాంటిదేదైనా బయటపడితే పరువని దాచిపెట్టకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, నాకూ చెప్పు.

"పెద్దయితే అదే మారిపోతుందిలే" అని అందరితో అంటున్నావు చూడు, అది పాప ముందు అనకు. కొందరు మారతారు. నా దగ్గర చదివిన పిల్లల్లో పట్టుచీరలు తెగ కొనేవాళ్లూ ఉన్నారు, ఇద్దరు పిల్లల తల్లయినా జీన్సు మానని వాళ్లూ ఉన్నారు. నువ్వు మార్పు కోసం ఎదురు చూస్తున్నావని తెలిస్తే, ఉన్నట్టు ఉంటే నీకు నచ్చదని పాపకి అర్థమవుతుంది. అసలు తను ఆడపిల్లనే కాదని ఎప్పుడైనా చెబితే, అప్పుడు కూర్చుని విను. తనే చెప్పాలి, నువ్వు అడిగి చెప్పించకు.

పెళ్లి సంబంధాల మాట ఎత్తేవాళ్లకి నేనిచ్చే జవాబు ఒక్కటే: "పన్నెండేళ్ల పిల్లకి ఇప్పుడు పెళ్లేటి?" అంతకన్నా వివరించకు, వివరించే కొద్దీ వాళ్లు కూర్చుంటారు.

పాప పెద్దమనిషి అయితే ఫంక్షన్ గురించి మీ ఇంట్లో పట్టుబడతారు. చెయ్యొద్దని నేననను, మీ అత్తగారికి అదొక ముచ్చట. ముందు పాపని అడుగు. ఓణీ కడతానంటే, హారతి అయి పెద్దవాళ్లు అక్షింతలు వేసేదాకా ఉంచుకుని, తర్వాత తన ప్యాంటు వేసుకుని భోజనాల్లో తిరగొచ్చని మాటివ్వు. ఇచ్చిన మాట నిలబెట్టుకో, ఫోటోగ్రాఫర్ ఎంత బతిమాలినా సరే. ఓణీ జారకుండా పిన్నులు నేను పెడతాను. ససేమిరా కట్టనంటే కొత్త బట్టలు ఏవైనా చాలు, అక్షింతలు వాటి మీద కూడా పడతాయి. ఫ్లెక్సీ మాత్రం వెయ్యొద్దు. పిల్లకి నెలసరి వచ్చిందని మెయిన్ రోడ్డు సెంటర్లో బొమ్మ కట్టడం ఏ సంప్రదాయమో నాకైతే అర్థం కాదు. మీ మావగారు సరదా పడితే నా పేరు చెప్పు, నామీద కోప్పడతారు, కొత్తేం కాదు.

దసరా వెళ్లగానే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ చూడ్డానికి పాపని తీసుకురా. ఆ రద్దీలో ప్యాంటే హాయి. పండగ బట్టలు నేను కొంటాను, నువ్వు కొనకు. నడుము కొలతా పొడవూ వాట్సాప్‌లో పెట్టు. రంగేమిటో పాపనే చెప్పమను.

మీ పెద్దమ్మ